టాలెంటా, దమ్మా? ఒక అండర్-17 ఫుట్‌బాల్ టీమ్‌తో మూడు సీజన్లు

మొదటి సీజన్ సెమీఫైనల్లో 2-0 లీడ్‌లో ఉండి చివరి 18 నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చేసి ఓడిపోయాం. బస్సులో తిరిగి వస్తుంటే కమిటీ పెద్దాయన ఒకాయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి "టాలెంట్‌కేం తక్కువ లేదు కోచ్ సాబ్, దమ్మే లేదు మీ పిల్లగాళ్ళకి" అన్నాడు. నేనూ తలూపాను. ఆ తలూపడం ఎంత పెద్ద తప్పో తెలియడానికి నాకు ఏడాది పట్టింది, అది కూడా ఒక పిల్లాడి తలకి దెబ్బ తగిలాకే. అందుకే ఈ కేస్ రాస్తున్నా. పిల్లలకి కోచింగ్ ఇచ్చేవాళ్ళు, పీఈటీ సార్లు, గ్రౌండ్‌కి పిల్లల్ని పంపే అమ్మానాన్నలు చదవాలని నా కోరిక.

టీమ్ పేరు, ఊరు, టోర్నీ, ఏ సంవత్సరం అనేవి కావాలనే వదిలేశా. పిల్లల్ని జెర్సీ నంబర్లతోనే పిలుస్తా, ఆ నంబర్లు కూడా అసలువి కావు.

నేపథ్యం

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, మట్టి గ్రౌండ్, ఒక పక్క గోల్ పోస్టుకి నెట్ కూడా సరిగా ఉండదు. మొదటి సీజన్లో పిల్లలకి 14 ఏళ్ళు, అంటే ఆ బ్యాచ్‌తో మూడేళ్ళు పని చేసే అవకాశం ఉంది. నేను డిపార్ట్‌మెంట్ టీమ్‌లో డిఫెండర్‌గా ఆడి వచ్చినవాణ్ణి. మా రోజుల్లో కోచ్ అంటే విజిల్, కర్ర, రౌండ్లు, అంతే. నాతో పాటు ఒక అసిస్టెంట్ ఉండేవాడు, వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, కోచింగ్ లైసెన్స్ కోర్సు చేసొచ్చాడు. మా ఇద్దరికీ మొదటి రోజు నుంచీ ఒకటే గొడవ. అతను "అన్నా, బాల్ కంట్రోల్ రానోడు ఎంత ఉరికితే ఏం లాభం" అంటాడు, నేను "ఉరకనోడికి కంట్రోల్ ఉంటే ఏం లాభం" అంటాను.

ఈ కేస్‌లో ముఖ్యంగా ఇద్దరు పిల్లలున్నారు. పది నంబర్: సన్నగా, పొట్టిగా ఉంటాడు, ఎడమకాలు, బాల్ కాలికి అంటుకున్నట్టే ఉంటుంది, నేను పాతికేళ్ళలో అలాంటి ఫస్ట్ టచ్ ఇద్దరు ముగ్గురు పిల్లల్లో తప్ప చూళ్ళేదు, కానీ సెకండ్ హాఫ్‌లో మాయమైపోతాడు. నాలుగు నంబర్: సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్, పాసింగ్ అంతంతమాత్రం, కానీ ఎక్కడ బాల్ ఉంటే అక్కడ తల పెట్టేస్తాడు, కాలు వాచినా చెప్పడు. నాకు నాలుగు నంబర్ అంటే ప్రాణం, ఎందుకంటే వాడిలో నన్ను నేను చూసుకున్నా. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత నేను తీసుకున్న చాలా నిర్ణయాల వెనక ఇదే ఉంది.

సమస్యని మేం ఎలా అర్థం చేసుకున్నాం

సెమీఫైనల్ ఓడిన వారం తర్వాత కమిటీతో మీటింగ్. అందరి నోటా అదే మాట, దమ్ము లేదు, మెంటల్‌గా వీక్, గోల్ పడగానే చేతులెత్తేశారు. అసిస్టెంట్ ఒక్కడే "వీడియో చూద్దాం అన్నా, ఎవరో పేరెంట్ ఫోన్లో తీసిండు" అన్నాడు. నేను "చూసేదేముంది, అక్కడే ఉన్నాం కదా" అన్నా. మొత్తం కేస్‌లో మొదటి పెద్ద తప్పు ఇదే. కళ్ళతో చూశాం కాబట్టి తెలుసు అనుకున్నాం. కానీ గ్రౌండ్ పక్కన నిలబడి అరుస్తున్న కోచ్‌కి కనిపించేది బాల్ చుట్టూ ఉన్న నలుగురే, మిగతా పద్దెనిమిది మంది ఏం చేస్తున్నారో అస్సలు తెలియదు.

పైగా మన దగ్గర ఒక కథ ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌తో ఏ కొంచెం సంబంధం ఉన్నవాళ్ళకైనా ఇది నోటికి వచ్చు. 1962 జకార్తా ఆసియా క్రీడలు, మన దేశం ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలింది, కుట్లు పడ్డాయి, అయినా డిఫెండర్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపితే ఫైనల్లో గోల్ కొట్టాడు. ఇంకో ఆటగాడు త్రిలోక్ సింగ్ కాలి దెబ్బతోనే ఆడాడు. గ్రూప్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చారు. తర్వాత ఏడాది జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఈ కథ నేను ప్రతి బ్యాచ్‌కి చెప్పేవాణ్ణి, చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్ళు జలదరించేది. చివర్లో "తలకి కుట్లున్నా ఆడిండ్రు రా వాళ్ళు, మీకు మోకాలు గీసుకుపోతే ఏడుపొస్తది" అని ముగించేవాణ్ణి.

అలా మా డయాగ్నసిస్ తేలిపోయింది: టాలెంట్ ఉంది, దమ్ము లేదు, కాబట్టి దమ్ము నేర్పాలి.

మేం ఏం చేశాం (రెండో సీజన్)

పొద్దున 5 గంటలకి గ్రౌండ్‌లో ఉండాలి. ఊరి బయట ఉన్న గుట్ట మీదికి పరుగు, దిగాక మళ్ళీ పరుగు. మిస్ పాస్ ఇస్తే టీమ్ మొత్తానికి రౌండ్. ఆలస్యంగా వస్తే రౌండ్, నవ్వితే కూడా రౌండ్. నా లెక్క ఏంటంటే కష్టానికి అలవాటు పడితే మ్యాచ్‌లో కష్టం కష్టంలాగే అనిపించదు. చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కొంత నిజం కూడా ఉంది, ఫిట్‌నెస్ లేకుండా ఏ టీమూ గెలవదు. కానీ గుట్ట ఎక్కేటప్పుడు వచ్చే కష్టం వేరు, 2-1 అయిపోయాక గోల్‌కీపర్ చేతిలో బాల్ ఉన్నప్పుడు వచ్చే కష్టం వేరు, మొదటిదానికి కాళ్ళు కావాలి, రెండోదానికి ఇప్పుడు ఏం చేయాలో తెలియాలి. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

టీమ్ సెలక్షన్ కూడా దాన్నిబట్టే చేశా. గుట్ట పరుగులో ఎవరు ఆగకుండా వస్తారో వాళ్ళే ఫస్ట్ లెవెన్. పది నంబర్ రోజూ చివర్లో వచ్చేవాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒంగిపోయేవాడు. నా నోట్‌బుక్‌లో వాడి పేరు పక్కన "బద్ధకం, ఇష్టం లేదు" అని రాసుకున్నా. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. బెంచ్ మీద కూర్చోబెట్టా. అసిస్టెంట్ గట్టిగా వాదించాడు, నేను "టాలెంట్ ఉన్నోడికి స్పెషల్ రూల్ పెడితే మిగతా పిల్లలు ఏమనుకుంటరు" అన్నా. ఆ వాదనలో తప్పు లేదు, నిజంగానే ఒకడికో రూల్ పెడితే టీమ్ చెడిపోతుంది. కానీ వాడు ఎందుకు చివర వస్తున్నాడు అని అడగడం స్పెషల్ రూల్ కాదు కదా. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండు నెలలకే ముగ్గురు పిల్లలకి మోకాలిచిప్ప కింద నొప్పి మొదలైంది. ఎదిగే వయసులో గట్టి నేల మీద అతిగా పరిగెత్తిస్తే, గెంతిస్తే వచ్చే నొప్పే అది, డాక్టర్ చూడగానే చెప్పారు, లోడ్ తగ్గించమన్నారు. నేను తగ్గించానుగానీ మనసులో మాత్రం వాళ్ళు తప్పించుకుంటున్నారనే అనుకున్నా.

ఎలా ఫెయిలయ్యాం

లీగ్ దశలోనే ఇంటికొచ్చేశాం. మూడు మ్యాచ్‌లు, కొట్టింది ఒకే ఒక గోల్. పిల్లలు ఉరికారు, కిందపడ్డారు, లేచారు, మళ్ళీ ఉరికారు, కానీ బాల్ కాలికి రాగానే ఏం చేయాలో ఒక్కడికీ తెలీదు, ఎందుకంటే మిస్ పాస్‌కి రౌండ్ అని నేర్పిన టీమ్‌లో ఎవడూ పాస్ రిస్క్ తీసుకోడు, అందరూ బాల్‌ని గాల్లోకి లేపి వదిలించుకుంటారు. శిక్షకి భయపడి తప్పు చేయకుండా ఉండటాన్నే నేను దమ్ము అనుకున్నా. నిజానికి వాళ్ళలో అప్పటిదాకా ఉన్న కొంచెం తెగువ కూడా నేనే తీసేశా.

అసలు విషయం రెండో మ్యాచ్‌లో జరిగింది. కార్నర్‌కి నాలుగు నంబర్, అవతలి స్ట్రైకర్ ఇద్దరూ ఒకేసారి తలలు పెట్టారు, పెద్ద శబ్దం వచ్చింది, వీడు పడిపోయి రెండు మూడు సెకన్లు కదల్లేదు. నేను పరిగెత్తా. లేచి "ఏం గాలె సార్, ఆడ్త" అన్నాడు. నేను భుజం తట్టి శభాష్ అన్నా. ఇంకో పాతిక నిమిషాలు ఆడాడు. మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పుకుంటూ "స్కోర్ ఎంత సార్" అన్నాడు. చెప్పా. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి నా కాళ్ళలో వణుకు పుట్టింది. బస్సు దగ్గర వాంతి చేసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, స్కానింగ్‌లో రక్తస్రావం ఏమీ లేదు, కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం అన్నారు, కొన్ని వారాలు గ్రౌండ్ వద్దు, ఆ తర్వాత కూడా మెల్లగా ఒక్కో మెట్టు ఎక్కించాలి అన్నారు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలి ఉంటే ఏమయ్యుండేదో కూడా డాక్టర్ వివరంగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాళ్ళింటికెళ్ళి "తల తిరుగుతుంటే చెప్పొచ్చు కద బేటా" అంటే, వాడు ఏ కోపమూ లేకుండా, చాలా మామూలుగా అన్నాడు, "మీరే చెప్పిండ్రు కద సార్, తలకు కుట్లున్నా ఆడిండ్రని." వాళ్ళమ్మ చాయ్ తెచ్చి పక్కనే నిలబడి ఉంది. నేను ఏమీ మాట్లాడలేకపోయా.

ఆగి ఆలోచించిన నెల

ప్రాక్టీస్ ఆపేశా. అసిస్టెంట్ ఫోన్లో ఏడాది నుంచీ పడి ఉన్న ఆ సెమీఫైనల్ వీడియో ఇద్దరం కూర్చుని చూశాం, ఒకసారి కాదు, చివరి 18 నిమిషాలు బహుశా ఇరవై సార్లు చూసుంటాం.

మొదటి గోల్ పడ్డాక ఏం జరిగిందో చెప్తా. నలుగురు డిఫెండర్లు భయంతో వెనక్కి, మన బాక్స్ దగ్గరికి జరిగారు. ముందున్న నలుగురు ఇంకో గోల్ కొట్టేద్దామని ముందుకెళ్ళారు. మధ్యలో ఒక పొలమంత ఖాళీ. గోల్‌కీపర్ బాల్ దొరకగానే కంగారుగా పొడుగు కిక్, అది నేరుగా వాళ్ళ డిఫెండర్ తలకి, అక్కణ్ణించి ఆ ఖాళీలోకి, మళ్ళీ అటాక్. ఇదే నాలుగుసార్లు. రెండో గోల్ సరిగ్గా అలాగే, మూడోదీ అంతే. ఎవరూ చేతులెత్తేయలేదు! ఒక్కొక్కడూ ప్రాణం పెట్టి ఉరుకుతున్నాడు, కానీ తలా ఒక వైపుకి. పది నంబర్‌కి బాల్ వచ్చింది ఆ మొత్తం సమయంలో రెండే సార్లు, రెండుసార్లూ వీపు గోల్ వైపు, చుట్టుపక్కల ఇరవై గజాల్లో మనవాడు ఒక్కడు కూడా లేడు. బయటినుంచి చూస్తే వాడు మాయమైనట్టే ఉంటుంది. అసలు వాడి దగ్గరికి బాల్ తీసుకెళ్ళే దారినే మేం ఎప్పుడూ నేర్పలేదు.

తర్వాత రెండో ప్రశ్న, వాడు మోకాళ్ళ మీద చేతులు ఎందుకు పెడుతున్నాడు. ఇంటికెళ్ళా. వాడు తెల్లవారుజామున 3:30కి లేచి పేపర్ వేయడానికి పోతాడు, అక్కణ్ణుంచి సైకిల్ మీద నేరుగా నా 5 గంటల ప్రాక్టీస్‌కి. ఒక చాయ్, ఉంటే బన్ను. "తిననీకి టైముండదు సార్, లేటైతే రౌండ్ కొట్టాలె కద." పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లాడు ఖాళీ కడుపుతో, అయిదు గంటలు కూడా సరిగా లేని నిద్రతో గుట్ట ఎక్కుతుంటే నేను కింద నిలబడి వాడికి దమ్ము లేదని రాసుకున్నా. ఆ ఊళ్ళో అందరికన్నా గట్టి పిల్లాడు వాడే.

అప్పుడు నాకు అర్థమైంది, టాలెంటా దమ్మా అని మేం ఏడాదిగా కొట్టుకున్న ప్రశ్నలో దమ్ము అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేరు వేరు విషయాలు కలిపేశామని. ఒకటి ఒంట్లో శక్తి, అంటే తిండి, నిద్ర, ఫిట్‌నెస్. రెండోది దెబ్బ తగిలిన క్షణంలో ఏం చేయాలో తెలియడం, ఇది పూర్తిగా నేర్చుకునే విద్య, బాల్ కంట్రోల్ లాంటిదే. మూడోది నొప్పిని దాచడం, దీన్ని మనం పొగుడుతాం కానీ ఇది దమ్ము కాదు, పిల్లల విషయంలో ఇది ప్రమాదం. నేను మూడోదాన్ని పెంచి, మొదటిదాన్ని తగ్గించి, రెండోదాన్ని అస్సలు ముట్టుకోలేదు.

పెద్ద మ్యాచ్‌లు కూడా అదే కళ్ళతో మళ్ళీ చూశా. 2005 ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మిలాన్ హాఫ్ టైమ్‌కి 3-0, వాళ్ళ దగ్గర కాకా, పిర్లో, షెవ్‌చెంకో, మాల్దీని. లివర్‌పూల్ ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి పెనాల్టీల్లో గెలిచింది. గుండె ధైర్యానికి ఉదాహరణగా అందరూ దీన్నే చెప్తారు, కానీ హాఫ్ టైమ్‌లో లివర్‌పూల్ కోచ్ బెనీతెజ్ మిడ్‌ఫీల్డర్ హామన్‌ని దింపి వెనక ముగ్గుర్ని పెట్టి మిడ్‌ఫీల్డ్‌లో కాకాకి దొరుకుతున్న ఖాళీ మూసేశాడు, ఆ తర్వాతే ఆ ఆరు నిమిషాలు వచ్చాయి. దమ్ము నిలబడటానికి కింద ఒక నేల కావాలి, ఆ మార్పు ఆ నేల. ఇటు 2014 ప్రపంచ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ చూడండి, సొంత దేశంలో జర్మనీ చేతిలో 7-1, అందులో నాలుగు గోల్స్ 23 నుంచి 29వ నిమిషం లోపే. బ్రెజిల్ వాళ్ళకి కోరిక లేదని ఎవరైనా అనగలరా? ఏడ్చేంత కోరిక ఉంది. ఆ ఆరు నిమిషాల్లో ఆట కాసేపు నెమ్మది చేసి ఒకచోట చేరే పని జరగలేదు, నా కళ్ళకి కనిపించింది అదే.

జకార్తా కథ కూడా మళ్ళీ చదువుకున్నా. జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపింది గాలివాటం నిర్ణయం కాదు, ఆయన కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన మనిషి, ఆ సంగతి రహీం సాబ్‌కి తెలుసు. రహీం సాబ్ స్వతహాగా టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే అప్పటి పెద్ద టోర్నీ గెలిచిందంటే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానం దాకా వెళ్ళిందంటే, దాని వెనక ఉన్నది ఆయన నేర్పిన ఆట. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూల్‌తో టోర్నీలు పెట్టించేవారు, వన్ టచ్ పాస్ అలవాటు కావాలని. సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం లాంటి ఆటగాళ్ళు వచ్చింది ఆ గాలి పీల్చే. నేను ఆ మొత్తం చరిత్రలోంచి కుట్లు మాత్రమే ఏరుకున్నా.

ఏది పనిచేసింది (మూడో సీజన్)

మొదట తిండి, నిద్ర. ప్రాక్టీస్ సాయంత్రానికి మార్చా, పది నంబర్ ఒక్కడి కోసం కాదు, అడిగి చూస్తే ఇంకో నలుగురు కూడా పొద్దున ఏమీ తినకుండా వస్తున్నారని తేలింది. కమిటీని ఒప్పించి రోజూ ప్రాక్టీస్‌కి ముందు అరటిపండు, తర్వాత రెండు గుడ్లు, పల్లీపట్టీ ఏర్పాటు చేశాం. బస్సులో దమ్ము లేదన్న ఆ పెద్దాయనే గుడ్ల ఖర్చు పెట్టుకున్నాడు, ఆయనకి నా మనస్ఫూర్తి దండం. ఒకటిన్నర నెలలో పది నంబర్ సెకండ్ హాఫ్‌లో కూడా కనిపించడం మొదలుపెట్టాడు. ఇందులో ఏ సైకాలజీ లేదు.

రెండోది, చెడ్డ నిమిషాలని ప్రాక్టీస్ చేయడం. గోల్ పడగానే ఏం చేయాలో ఒక పద్ధతి రాసుకున్నాం. నెట్‌లోంచి బాల్ తీసేది కెప్టెన్ మాత్రమే, నడుచుకుంటూ సెంటర్‌కి తెస్తాడు, ఆ లోపు వెనక నలుగురు, ముందు వాళ్ళు ఒకరినొకరు పిలుచుకుని దగ్గరికి చేరాలి. కిక్ ఆఫ్ తర్వాత మొదటి మూడు పాస్‌లు చిన్నవి, ఆ మూడు నిమిషాల్లో గోల్‌కీపర్ పొడుగు కిక్ కొట్టకూడదు. ఇదంతా మాటల్లో చెప్తే అరగంటలో అయిపోతుంది, కానీ ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది. ప్రతి ప్రాక్టీస్ చివర్లో, పిల్లలు అలిసిపోయాక, ఎనిమిది నిమిషాల ఆట: స్కోర్ 0-1 అనుకోండి. ఇంకో రోజు 1-0 లీడ్, కానీ మనం తొమ్మిది మందే. ఎందుకు చివర్లో అంటే, ఫ్రెష్‌గా ఉన్నప్పుడు ఎవరికైనా బుర్ర పనిచేస్తుంది, కాళ్ళు బరువెక్కాక కూడా పనిచేయాలి కదా.

ఇందులో ఒకటి దెబ్బ కొట్టింది. నేనే రిఫరీగా ఉండి కావాలని తప్పుడు నిర్ణయాలు ఇచ్చేవాణ్ణి, అన్యాయం జరిగినా తట్టుకోవాలని. ముందు చెప్పకుండా చేశా. ఒక పిల్లాడు బిబ్ (ప్రాక్టీస్‌లో టీమ్ గుర్తుకి పైన వేసుకునే చొక్కా) తీసి విసిరేసి ఏడుస్తూ వెళ్ళిపోయాడు, నాలుగు రోజులు రాలేదు. వాడి దృష్టిలో కోచే మోసం చేశాడు, వాడిదేం తప్పులేదు. తర్వాత నుంచి "ఈ ఆటలో రెండు తప్పుడు విజిల్స్ ఉంటాయి, ఏవో చెప్పను" అని ముందే చెప్పి మొదలుపెట్టా. అప్పుడు అదే పని ఆటలా మారింది, విజిల్ పడగానే వాళ్ళే నవ్వుకుంటూ గబగబా తమ తమ చోట్లకి పరిగెత్తేవాళ్ళు. కష్టం ఇవ్వడంలో తప్పు లేదు, ఎందుకు ఇస్తున్నామో పిల్లాడికి తెలియాలి. ఈ మధ్యలో ఒక కౌన్సెలర్‌తో ఊపిరి వ్యాయామాలు కూడా రెండు సెషన్లు పెట్టించాం, కొందరికి నచ్చింది, పెద్ద తేడా మాత్రం నాకు కనపడలేదు.

మిస్ పాస్‌కి రౌండ్ ఎత్తేశా. దాని బదులు వారానికి రెండు రోజులు డ్రిబ్లింగ్ లేని ఆట, రెండు టచ్‌ల లోపు పాస్, రహీం సాబ్ పద్ధతే. నాలుగు నంబర్ మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాడు, కానీ అందరికన్నా ఎక్కువ బాగుపడింది వాడి ఆటే. పాస్ ఎక్కడివ్వాలో తెలిశాక ప్రతి బాల్‌కీ తల పెట్టాల్సిన అవసరం తగ్గిపోయింది. టాలెంట్ పెరిగితే దమ్ము ఖర్చు తగ్గుతుందని నేను కళ్ళారా చూసింది అప్పుడే.

చివరిది చెయ్యెత్తే రూల్. ఎవరికైనా తల తిరిగినా, కండరం పట్టేసినా చెయ్యెత్తాలి, ఎత్తినవాడి మీద ఎవరూ, నేను కూడా, ఒక్క మాట అనకూడదు. తలకి దెబ్బ అయితే వాడి మాట కూడా వినను, అనుమానం ఉంటే చాలు బయటికే, ఆ రోజుకి మళ్ళీ లోపలికి లేదు. పెద్దవాళ్ళ ఆటలో కూడా కంకషన్‌కి అదనపు సబ్‌స్టిట్యూట్ ఇచ్చే వీలు ఇప్పుడు నియమాల్లోనే ఉంది, పిల్లల దగ్గర మనం ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి కదా.

ఫలితం

మూడో సీజన్ సెమీఫైనల్లో 52వ నిమిషంలో గోల్ పడింది, 0-1. నేను అరవకుండా చేతులు కట్టుకుని నిలబడ్డా, అది నాకు చాలా కష్టమైన పని. కెప్టెన్ నెట్‌లోంచి బాల్ తీసి నడుచుకుంటూ వచ్చాడు. మూడు చిన్న పాస్‌లు. నాలుగో నిమిషానికి మనం వాళ్ళ హాఫ్‌లో ఉన్నాం. పది నంబర్ 61లో సమం చేశాడు, 68లో వాడి ఫ్రీకిక్‌కి ఇంకొకడు తల పెట్టాడు, 2-1.

ఫైనల్లో ఫస్ట్ హాఫ్‌లోనే 1-0 లీడ్. సరిగ్గా 60వ నిమిషంలో నాలుగు నంబర్ చెయ్యెత్తాడు, తొడ వెనక పట్టేసింది. ఒక్క క్షణం నా పాత మనసు "ఇంకో పది నిమిషాలు ఆడు రా" అనబోయింది. అనలేదు. తీసేసి చిన్న పిల్లాణ్ణి దింపా, వాడికి ఆ టోర్నీలో అదే మొదటి ఆట. చివరి నిమిషాల్లో వాళ్ళ షాట్ ఒకటి పోస్ట్‌కి తగిలి బయటికెళ్ళింది. 1-0తో గెలిచాం.

ఇక్కడ ఒక మాట. ఇదంతా నా పద్ధతి వల్లే అని నేను అనను. పిల్లలు రెండేళ్ళు పెద్దయ్యారు, పది నంబర్ అరచెయ్యి పొడుగు ఎదిగాడు, మొదటి సీజన్లో మమ్మల్ని ఓడించిన టీమ్ బ్యాచ్ వయసు దాటిపోయింది, ఆ పోస్ట్ ఇంకో రెండంగుళాలు పక్కకి ఉంటే కథ వేరేలా ఉండేది. ఒక్క టీమ్, మూడు సీజన్లు, ఇంత చిన్న కేస్‌లోంచి పెద్ద సిద్ధాంతం లాగకూడదు. కానీ గోల్ పడ్డాక మూడు నిమిషాల్లో వీళ్ళు ఏం చేశారు అన్నది మాత్రం రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది, దానికి నేను గట్టిగా నిలబడతా.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఎవరైనా నన్ను ఛాంపియన్ టీమ్‌కి టాలెంటా దమ్మా అంటే, ముందు దమ్ము అంటే మీ ఉద్దేశం ఏంటి అని అడుగుతా. ఒంటి శక్తి అయితే తిండి పెట్టండి. చెడ్డ నిమిషంలో కలిసి ఉండటం అయితే నేర్పండి, అది కూడా టాలెంటే, ట్రయల్స్‌లో మనం కొలవని టాలెంట్. నొప్పి దాచుకోవడం అయితే నాకు వద్దు. ఇక సెలక్షన్‌లో ఒకణ్ణే తీసుకోవాల్సి వస్తే, ఈ వయసులో నేను బాల్ బాగా ఆడేవాణ్ణే తీసుకుంటా, ఎందుకంటే ఫస్ట్ టచ్ నేర్పడానికి ఏళ్ళు పడుతుంది, చెడ్డ నిమిషం నేర్పడానికి మాకు ఒక సీజన్ పట్టింది. దీనితో ఒప్పుకోని కోచ్‌లు చాలామంది ఉంటారు, మా అసిస్టెంట్ కూడా ఇప్పుడు నాకు రివర్స్‌లో, "పని చేసే గుణం కూడా నేర్పితే రాదన్నా, అది కూడా చూడాలె" అంటున్నాడు. వాదన నడుస్తూనే ఉంది.

జకార్తా కథ ఇప్పటికీ చెప్తా, కానీ కుట్ల దగ్గర ఆపి "అప్పట్లో ఇలాంటి దెబ్బ ఎంత ప్రమాదమో తెలీదు, ఇప్పుడు తెలుసు, మనం ఆడించం" అని చెప్పి, కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి దగ్గర ఎక్కువసేపు ఉంటా.

ఈ మధ్య కొత్త బ్యాచ్‌కి ట్రయల్స్ పెట్టాం. ఒక పిల్లాడు, బాల్ మీద మంచి కాలు, పరుగులో అందరికన్నా వెనక. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒంగిపోయాడు. దగ్గరికెళ్ళి "ఏం తిన్నవ్ రా పొద్దున" అంటే "ఏం తినలే సార్" అన్నాడు. అరటిపండ్లు రెండిచ్చి, నీళ్ళు తాగించి, గంట తర్వాత మళ్ళీ పరిగెత్తించా. టైమ్ పెద్దగా ఏం మారలేదు. ఇంకో నెల చూద్దామని పేరు రాసుకున్నా, పక్కన ఇంకేమీ రాయలేదు.